ప్రిజమా, పిమ్మా? ఇంటికెళ్లాక సంగతేంటి?

మా పిల్లల ఐసీయూకి పోస్టింగ్‌ మీద వచ్చే ప్రతి పీజీ మొదటి వారంలోనే అడుగుతాడు: "సార్, ప్రిజమ్ వేయాలా, పిమ్ వేయాలా?" రెండూ ఐసీయూలో చేరిన బిడ్డ ప్రాణానికి ఎంత ముప్పుందో అంచనా వేసే స్కోర్లే; స్కోరు పెరిగితే ముప్పు ఎక్కువ. నల్లగొండలో పనిచేసేవాడిగా నా ఓటు పిమ్‌కే.

1996లో వచ్చిన ప్రిజమ్-3కి 17 కొలతలు కావాలి. మొదటి 12 లేదా 24 గంటల్లో ఒక్కోటి ఎంత అధ్వానంగా ఉందో చూసి రాయాలి. ఆ 24 గంటల్లోనే ప్రాణం పోయే పిల్లలుంటారు. అప్పుడది అంచనా కాదు, జరిగింది రాసుకోవడం. 2013 నాటి పిమ్-3కి 10 అంశాలు చాలు, మొదటి గంటలోనే తేలిపోతుంది. అయితే బ్లడ్ గ్యాస్ (రక్తంలో ఆక్సిజన్, ఆమ్లం చూసే పరీక్ష) చేయలేకపోతే అది మామూలుగా ఉన్నట్టే లెక్కేసుకుంటుంది. అర్ధరాత్రి వచ్చిన కేసుల్లో ఇది గుర్తుంచుకోవాలి.

ఇంకో తిరకాసు చెప్తాను. దేవరకొండ వైపు నుంచి 108లో ఓ పిల్లాడు వచ్చాడు. కింద పడుకుంటే కట్లపాము కరిచింది. ఊపిరి లేదు, కంటిపాపలు లైటుకు కదలట్లేదు. పిమ్‌లో కంటిపాపలు కదలకపోతే నింపే గడి ఒకటుంది. హౌస్‌సర్జన్ అందులో టిక్కు పెట్టేశాడు, స్కోరు ఎక్కడికో పోయింది. విషం వల్ల అలా అయితే ఆ గడి నింపొద్దని పిమ్ నియమాల్లోనే ఉంది. వారం దాటాక వాడు నడుచుకుంటూ బస్సెక్కాడు.

అప్పుడే పక్క మంచం మీద న్యుమోనియాతో ఓ పాప ఉంది, ముందునుంచే సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతిని కాళ్లూచేతులు సరిగా ఆడని స్థితి). స్కోరు తక్కువే. ముక్కులో గొట్టంతో ఇంటికి పంపాం. రెండు నెలలకు మళ్లీ తెచ్చారు, ఈసారి దక్కలేదు.

అందుకే ఇంటికెళ్లాక ఏమవుతుందన్న ప్రశ్నకు నేను ప్రిజమ్‌నీ, పిమ్‌నీ నమ్మను. ప్రిజమ్ తయారుచేసిన పొలాకే తన బృందంతో 2009లో ఎఫ్‌ఎస్‌ఎస్ (ఫంక్షనల్ స్టేటస్ స్కేల్, బిడ్డ పనితీరు కొలిచే స్కోరు) తెచ్చాడు. తెలివి, చూపు-వినికిడి, మాట, కదలిక, తిండి, ఊపిరి: ఒక్కోదానికి 1 నుంచి 5. అంతా బాగుంటే 6, పూర్తిగా పడకేస్తే 30. రక్తం తీసే పనే లేదు. జబ్బుకు ముందు బిడ్డ ఎట్లుండేదో తల్లినడిగి ఒకసారి, డిశ్చార్జి రోజు ఒకసారి వేస్తాను. ఆ రెంటి మధ్య తేడా ఎంతన్నదే నాకు ముఖ్యం.

ఈ స్కోర్లలో దేనిలోనూ బిడ్డ బక్కతనానికి గడి లేదు. మన దగ్గర అదెంత లోటో చెప్పక్కర్లేదు. అంగన్‌వాడీ టేపుతోనే జబ్బ చుట్టుకొలత తీసి పక్కన రాస్తాను. ఆర్నెల్ల నుంచి ఐదేళ్ల లోపు వాళ్లకు 11.5 సెంటీమీటర్ల కన్నా తక్కువంటే తీవ్రమైన పోషకాహార లోపమే.

పెలోడ్-2, పీసోఫా అనే వేరే స్కోర్లు ఏ అవయవం ఎంత దెబ్బతిందో రోజువారీ లెక్కకు పనికొస్తాయి, అంతే.

ఎఫ్‌ఎస్‌ఎస్ పెరిగి ఇంటికెళ్లిన పిల్లల ఫోన్ నంబర్లు ఒక నోటుబుక్కులో రాసిపెట్టాం. రెండు వారాల్లో చూపించుకోడానికి రాకపోతే సిస్టర్ ముందు ఇంటికి, తర్వాత ఆ ఊరి ఆశా వర్కర్‌కు ఫోన్ చేస్తుంది.