క్షమాపణను అప్పు లెక్కగా నేర్పిన ఆరు వారాల వాక్య అధ్యయనం: ఒక సమీక్ష

క్షమాపణ మీద ఆరు వారాల బైబిలు వాక్య అధ్యయనం జరుగుతుందని మా చర్చి సంఘంలో ప్రకటించినప్పుడు, పేరు ఇవ్వడానికి రెండు ఆదివారాలు వెనకాడాను. క్షమించాలని నాకు తెలియక కాదు. చిన్ననాటి నుంచి విన్న మాటలే మళ్లీ వినిపించి, చివర అందరిచేత చేతులెత్తించి, లోపలి గాయాన్ని లోపలే ఉంచి ఇంటికి పంపేస్తారేమోనని భయపడ్డాను. ఆరు వారాలూ పూర్తి చేశాను కనుక, ఇటువంటి అధ్యయనంలో చేరాలా వద్దా అని ఆలోచిస్తున్నవారి కోసం నేను చూసినది చూసినట్టు రాస్తున్నాను.

వారానికి ఒక సాయంత్రం, రెండు గంటలు. పన్నెండు మందిమి. మొదటి గంటలో వాక్యభాగం చదివి చర్చించేవాళ్లం. రెండో గంటలో ఇచ్చిన పుస్తకంలో ఎవరికి వారు రాసుకోవడమో, ఇద్దరిద్దరుగా మాట్లాడుకోవడమో ఉండేది. నడిపించినది వయసులో పెద్దదైన ఒక సహోదరి. అందరం ఆమెను అక్క అనే పిలిచాం. ఇక్కడ విన్నది బయట చెప్పకూడదనీ, మనకు అన్యాయం చేసినవారి పేరు ఎత్తకూడదనీ మొదటి రోజే ఆమె పెట్టిన రెండు నియమాలు చివరి రోజు వరకు నిలిచాయి. నేను ఈ అధ్యయనాన్ని నమ్మడానికి మొదటి కారణం ఇదే.

మొదటి రెండు వారాలు మత్తయి సువార్త 18వ అధ్యాయం మీదే గడిచాయి. ఎన్నిసార్లు క్షమించాలని పేతురు అడిగితే, “డెబ్బది ఏళ్ల మారులమట్టుకు” అని యేసు చెప్పిన మాటను చిన్నప్పుడు నేను డెబ్బై సంవత్సరాలని అర్థం చేసుకున్నాను. మా గుంపులో మరో ఇద్దరు కూడా అలాగే అనుకున్నారట. అవి ఎక్కాల్లో వచ్చే ఏళ్లు, అంటే డెబ్బై ఏడులు, నాలుగువందల తొంభై. మూలంలోని గ్రీకు మాటను డెబ్బై ఏడు అని కూడా చదవవచ్చు. ఆదికాండము 4వ అధ్యాయంలో కయీను వంశస్థుడైన లెమెకు తన కోసం డెబ్బది యేడంతలు ప్రతి దండన జరుగుతుందని గొప్పలు చెప్పుకున్న చోట, పాత గ్రీకు అనువాదంలో ఉన్నది సరిగ్గా ఈ మాటే. పగకు లెమెకు పెట్టుకున్న కొలతనే ప్రభువు క్షమాపణకు పెట్టాడని అక్క చూపించినప్పుడు గదిలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు.

రాజు తన అప్పంతా కొట్టివేసినా, తనకు బాకీపడ్డ తోటి దాసుణ్ణి చెరలో వేయించిన దాసుని ఉపమానం ఆ తరువాత వస్తుంది. దాన్ని నేను ఎన్నిసార్లు విన్నానో లెక్క లేదు, కాని అందులోని అంకెలను ఎప్పుడూ కూడి చూసుకోలేదు. పుస్తకంలో ఆ పని మాచేతే చేయించారు. ఒక దేనారము ఒక రోజు కూలి. ద్రాక్షతోట పనివారి ఉపమానంలోనూ కూలి అంతే. ఒక తలాంతు సుమారు 6,000 దేనారములు. కాబట్టి రాజుకు ఆ దాసుడు అచ్చియున్న, అంటే బాకీపడ్డ, పదివేల తలాంతులు 6 కోట్ల రోజుల కూలి. ఏడాదికి 300 రోజులు పని దొరికినా తీరడానికి 2 లక్షల సంవత్సరాలు పడుతుంది. తోటి దాసుడు అతనికి అచ్చియున్నది నూరు దేనారములు. ఇక్కడ మేమంతా “అది ఎంతని, ఏమంత” అనేశాం. అక్క ఒప్పుకోలేదు. “నూరు రోజుల కూలి, మూడు నెలలకు పైబడిన కష్టం, పోగొట్టుకున్నవాడికి అది చిన్నదెలా అవుతుంది? ప్రభువు దాన్ని సున్నా అనలేదు, నూరు అన్నాడు” అంది. నా మట్టుకు ఈ అధ్యయనం విలువంతా ఆ మాటలో ఉంది. క్షమించమని చెప్పేవారిలో చాలామంది ముందుగా మన నష్టాన్ని చిన్నది చేసి, ఆపైన దాన్ని వదిలేయమంటారు. ఇక్కడ ఆ నష్టాన్ని పూర్తిగా లెక్క వేయించిన తరువాతే రాజు కొట్టివేసిన అప్పు వైపు చూడమన్నారు.

మూడో వారం ఆ లెక్కే రాయాలి. ఒక కాగితం మీద రెండు గడులు: ఏం జరిగింది, దానివల్ల నేను ఏం పోగొట్టుకున్నాను. నాలుగేళ్ల క్రితం, ప్రార్థన చేయమని నేను ఒక్క స్నేహితురాలికే చెప్పిన ఇంటి విషయం వారం తిరిగేలోగా ఎంతోమందికి చేరిపోయింది. మొదటి గడి తేలికగానే నిండింది. రెండో గడిలో “మనశ్శాంతి” అని రాశాను. అక్క నా పక్కన కూర్చుని ఆ మాట మీద వేలు పెట్టి, “ఇది అందరూ రాసేదే అమ్మా, నీది రాయి” అంది. చాలాసేపు పెన్సిలు పట్టుకుని కూర్చున్నాను. ఈ నాలుగేళ్లలో ఏ ప్రార్థన కూడికలోనూ నేను నిజమైన మనవి ఒక్కటీ చెప్పలేదనీ, అడిగినప్పుడల్లా “ఆరోగ్యం కోసం” అని తప్పించుకుంటున్నాననీ, అదే నా నూరు దేనారములనీ రాస్తుండగా నాకే తెలిసివచ్చింది. కాగితం అడుగున “ఈ బాకీ నేను ఇక అడగను” అని రాసి సంతకం చేయడానికి చోటు ఉంది. ఆ వారం నేను చేయలేకపోయాను. ఎవరూ తొందరపెట్టలేదు. మూడు వారాలు ఆ కాగితం నా బైబిల్లోనే మడతపెట్టి ఉంది.

నాలుగో వారం కృప గురించి. గ్రీకులో కృపకు ఖారిస్ అనే మాట ఉంది. దాని నుంచి పుట్టిన క్రియనే పౌలు ఎఫెసీయులకు 4:32లో, కొలొస్సయులకు 3:13లో క్షమించడం అనే అర్థంలో వాడాడు. ఎదుటివాడు సంపాదించుకోనిదాన్ని వాడికి ఇవ్వడం అని. ఇది బాగుంది, కాని పాఠం పొడుగునా ఉపన్యాసంలాగే సాగింది.

ఐదో వారం క్షమించడానికీ, మళ్లీ నమ్మడానికీ ఉన్న తేడాను యోసేపు చరిత్రతో చెప్పారు. తనను అమ్మివేసిన అన్నలు ఐగుప్తుకు వచ్చిన వెంటనే అతడు తానెవరో చెప్పలేదు. తమ్ముడు బెన్యామీనుకు బదులుగా తానే దాసుడిగా ఉంటానని ఆ అన్నల్లో ఒకడైన యూదా ముందుకు వచ్చిన తరువాతే కన్నీళ్లతో బయటపడ్డాడు. అందరితో సమాధానంగా ఉండమనే రోమీయులకు 12:18లో “శక్యమైతే మీ చేతనైనంత మట్టుకు” అని ఉన్న రెండు షరతులనూ అక్క నిదానంగా చదివి వినిపించింది.

లోపాలు కూడా ఇక్కడే ఉన్నాయి, వాటిని దాచడం న్యాయం కాదు. ఇంట్లో దెబ్బలు తింటున్నవారికి పుస్తకంలో దొరికినది ఒకే ఒక్క వాక్యం. క్షమించడమంటే ప్రమాదంలోకి తిరిగి వెళ్లడం కాదనీ, ఫిర్యాదు చేయడం క్షమాపణకు విరుద్ధం కాదనీ ఒక పూర్తి సాయంత్రం చెప్పవలసిన విషయం అది. తప్పు చేసినవాడి దగ్గరకు ఒంటరిగా వెళ్లి గద్దించమనే మత్తయి 18:15 పేతురు ప్రశ్నకు ముందే ఉంటే, దాన్ని ఐదో వారం చివర పది నిమిషాల్లో ముగించారు. మీరు క్షమించకపోతే తండ్రి కూడా మిమ్మల్ని క్షమించడనే మత్తయి 6:15ను అసలు ముట్టుకోలేదు. వినడానికి కష్టమైన మాట కనుక వదిలేశారేమో, అది కష్టం కనుకనే నాకు అక్కడ సాయం కావలసింది. చివరి రోజు సాక్ష్యాలు చెప్పమన్నది కూడా నాకు నచ్చలేదు, ఎందుకంటే నాలాగే ఇంకా సంతకం చేయనివారు ఇద్దరు ఆ గదిలో తలవంచుకుని కూర్చున్నారు.

ఆరో వారం ఫిలేమోను పత్రిక మాత్రం మిగిలినవాటన్నిటినీ మించింది. దాసుడైన ఒనేసిమును తిరిగి చేర్చుకోమని అతని యజమాని ఫిలేమోనుకు పౌలు రాసిన, ఇరవై ఐదు వచనాల చిన్న ఉత్తరం. ఒనేసిము నీకు ఏమైనా అచ్చియుంటే అది నా లెక్కలో చేర్చుమని రాసి, నేనే తీరుస్తానని పౌలు తన చేతి రాతతో మాట ఇచ్చాడు. బాకీ ఊరికే మాయం కాదనీ, ఎవరో ఒకరు దాన్ని మోస్తారనీ చెప్పి, అక్క సిలువ గురించి రెండే మాటలు మాట్లాడి ప్రార్థన చేసింది. ఆ రాత్రి నేను కాగితం తీసి సంతకం చేశాను.

దెబ్బ తగిలి కొంతకాలం గడిచినవారు, దాన్ని అక్షరాల్లో పెట్టగల ఓపిక ఉన్నవారు ఈ అధ్యయనంలో తప్పక చేరాలి. గాయం ఇంకా పచ్చిగా ఉన్నవారు, ఇంకా ప్రమాదంలోనే ఉన్నవారు ముందుగా ఒక అనుభవజ్ఞులైన సలహాదారు దగ్గరకు వెళ్లడం మంచిది. ఆ బరువు మోయడానికి ఈ ఆరు సాయంత్రాలు చాలవు. నా స్నేహితురాలికీ నాకూ మధ్య పాత చనువు తిరిగి రాలేదు, పలకరింపులు మాత్రం మొదలయ్యాయి. గత వారం ప్రార్థన కూడికలో నా వంతు వచ్చినప్పుడు, పెద్దది కాకపోయినా నిజమైన మనవి ఒకటి చెప్పాను. ఆమె నాకు రెండు వరుసల ముందు కూర్చుని ఉంది.