కూరస్: సముద్రం కింద బొగ్గు తవ్వించిన దొర ఊరు

స్కాట్లాండ్‌లో ఎడిన్‌బరా వెళ్లేవాళ్లు ఒక్క రోజు మిగుల్చుకోగలిగితే కూరస్ చూసి రండి. రాతలో కల్రాస్ అని కనిపిస్తుంది, నోటితో మాత్రం కూరస్ అంటారు. ఎడిన్‌బరాలో గది అద్దెలు చూసి మేము డన్‌ఫర్మ్‌లిన్‌లో దిగాం. అక్కడినుంచి బస్సే కాబట్టి సుఖం, కానీ ఏప్రిల్ చలిలో గది హీటర్ రాత్రి ఆగిపోయింది, అడుగుదామంటే కింద ఎవరూ లేరు. గది తీసుకునే ముందు ఆ సంగతి కనుక్కోండి.

నాన్న సింగరేణిలో బాయి దిగి పనిచేసిన మనిషి. ఆయన కోసమే ఈ ఊరు పెట్టుకున్నాం. 1575లో ఇక్కడి పాత గనిని కౌలుకి తీసుకున్న జార్జ్ బ్రూస్ దాన్ని ఊరి ముందున్న ఫోర్త్ అనే సముద్రపు పాయ కిందికి తవ్వించాడు. ఒడ్డుకి దూరంగా, పోటుకి చుట్టూ నీళ్లు నిండే చోట, రాతితో గుండ్రంగా గోడ కట్టి ఇంకో బాయి దింపించాడు, ఓడలు అక్కడికే వచ్చి బొగ్గు నింపుకునేవి. ఊరిన నీటిని గుర్రాలు తిప్పే బొక్కెనల గొలుసు తోడేది. ఆ బొగ్గుతోనే సముద్రపు నీళ్లు కాచి ఉప్పు చేయించాడు. కార్నాక్ భూములకు దొర, పార్లమెంటులో ఈ ఊరి ప్రతినిధి కూడా ఆయనే. 1617లో చూడ్డానికి వచ్చిన జేమ్స్ రాజు ఆ బాయిలోంచి పైకి తేలి, చుట్టూ నీళ్లు చూసి "ద్రోహం!" అని అరిచాడని ఇక్కడ కథగా చెప్తారు.

బ్రూస్ ఇల్లే ఇప్పటి కూరస్ ప్యాలెస్. ప్యాలెస్ అన్నారని రాజభవనం ఊహించుకోకండి, పసుపు గోడల పెద్ద ఇల్లు. 1597లో మొదలుపెట్టి 1611 దాకా పెంచుతూ పోయారు. కిటికీల పై సగానికి గాజు, కింది సగానికి చెక్క తలుపులు. చెక్క పైకప్పు మీద బొమ్మలు వెలిసిపోయినా ముఖాలు ఇంకా తెలుస్తున్నాయి, మెడ నొప్పి పుట్టేదాకా చూశాను. టికెట్ డబ్బులకి పూర్తిగా న్యాయం జరిగింది.

"బాయి దిగినవాళ్ల సంగతేంటి?" అని నాన్న అడిగారు, నేను ఇంగ్లీషులో చెప్పాను. చూడ్డానికి వచ్చినవాళ్లకి వివరించడానికి ఆ గదిలో ఉన్న పెద్దావిడ కుర్చీలోంచి లేచి వచ్చి ఓపిగ్గా చెప్పింది. 1606 చట్టం ప్రకారం యజమాని రాసిస్తే తప్ప బొగ్గు పనివాళ్లు, ఉప్పు పనివాళ్లు ఇంకొకరి దగ్గర పనికి చేరడానికి వీల్లేదట. గని పనివాళ్లకి పూర్తి విముక్తి వచ్చింది 1799లో. నాన్న చాలాసేపు మాట్లాడలేదు. దొర ఎలా బతికాడో ఆ గదులే చెప్తాయి, పనివాళ్ల గురించి మాత్రం మనం అడగాలి. తప్పకుండా అడగండి.

గుట్ట మీద అబ్బే (పాత క్రైస్తవ మఠం) చర్చిలో బ్రూస్ సమాధి ఉంది. అలబాస్టర్ అనే మెత్తటి రాయిలో చెక్కిన భార్యాభర్తలు పడుకుని ఉంటే ముందు ఎనిమిదిమంది పిల్లలు మోకాళ్ల మీద కూర్చుని ఉంటారు. ఎక్కడం కష్టమే, రాళ్లు పరిచిన దారి, పెద్దవాళ్లుంటే మంచి బూట్లు వేయించండి. డన్‌ఫర్మ్‌లిన్ అబ్బే దీనికంటే ఎంతో పెద్దది, అయినా నాకు ఈ చిన్న చర్చే గుర్తుండిపోయింది.

1625 తుఫానులో ఆ సముద్రపు బాయి మునిగింది, బ్రూస్ పోయిందీ ఆ ఏడాదే. ఆటు సమయంలో ఆ రాళ్లు ఇప్పటికీ బయటపడతాయి, అందుకని ఆటుపోట్ల టైము చూసుకుని వెళ్లండి. నాన్న ఒడ్డున నిలబడి నీళ్లు మళ్లీ ఆ రాళ్లని కప్పేసేదాకా కదల్లేదు, మా బస్సు వెళ్లిపోయింది, ఆదివారం కావడంతో తర్వాతి దానికి గంట పైనే ఆగాం.