గోడా, నూనె తొట్టా? బిట్‌కాయిన్ మైనింగ్ రొదకు ఏది మేలు?

టెక్సాస్‌లో పిల్లలున్న మా బరంపురం తెలుగువాళ్ళు ఈ మధ్య నన్ను ఒకటే అడుగుతున్నారు. ఇంటి దగ్గర బిట్‌కాయిన్ మైనింగ్ (బిట్‌కాయిన్ అనే డిజిటల్ డబ్బు కోసం రేయింబవళ్ళు లెక్కలు చేసే కంప్యూటర్ల కేంద్రం) పెట్టారు, రాత్రంతా హోరు, కంపెనీవాళ్ళు గోడ కట్టిస్తామంటున్నారు, ఒప్పుకోవచ్చా అని. గోడతో సరిపెట్టుకోవద్దనే చెబుతున్నాను.

మా ఇంటి వెనక ఐస్ ఫ్యాక్టరీ ఉంది. మేమంతా గొడవపడితే ఎత్తుగా గోడ కట్టారు. కింద వాటాలో పిన్నిగారికి నిద్ర పట్టింది. మేడ మీద అమ్మ గదిలో మాత్రం ఏ మార్పూ లేదు. కిటికీ గట్టు మీద మంచినీళ్ళ చెంబుకు పెట్టిన మూత తెల్లవార్లూ సన్నగా గలగలమంటూనే ఉండేది. మేడ మీంచి చూస్తే ఫ్యాన్లు కనిపిస్తాయి. కనిపించే చోటికి చప్పుడు నేరుగా వస్తుంది, గోడ ఏం చేస్తుంది? పైగా బొంగురు రొద గోడ పైనుంచి వంగి ఇవతలికి దిగుతుంది. టెక్సాస్‌లోని గ్రాన్‌బరీ దగ్గర 24 అడుగుల గోడ కట్టినా ఫిర్యాదులు ఆగలేదు.

అందుకే చప్పుడు పుట్టే చోటే తగ్గించాలి. ఒక్కో మైనింగ్ యంత్రం దగ్గర దాదాపు 75 డెసిబెల్స్ ఉంటుంది. అదంతా యంత్రం వేడెక్కకుండా తిరిగే చిన్న ఫ్యాన్ల అరుపే. యంత్రాలు పదింతలైతే ఇంకో 10 డెసిబెల్స్ పెరుగుతాయి. అదే యంత్రాన్ని కరెంటు పారని నూనె తొట్టెలో ముంచితే ఆ ఫ్యాన్లు పీకేయొచ్చు. అలాగని పూర్తి నిశ్శబ్దం రాదు. ఆ నూనెను చల్లార్చడానికి బయట పెద్ద ఫ్యాన్లు ఉంటాయి. అయితే వాటిని నెమ్మదిగా తిప్పొచ్చు. ఫ్యాన్ వేగం సగానికి తగ్గిస్తే రొద సుమారు 15 డెసిబెల్స్ పడిపోతుంది. మా ఐస్ ఫ్యాక్టరీలో చివరికి పనికొచ్చింది ఇదే: పెద్ద ఫ్యాన్లు, తక్కువ వేగం. ఖర్చు ఎక్కువే, కాదనను.

రాత్రిళ్ళు ఆపమని కూడా అడగాలి. కుదరదంటే నమ్మకండి. కరెంటు గిరాకీ పెరిగినప్పుడు వాళ్ళే ఆపుతారు. 2023 ఆగస్టులో టెక్సాస్‌లో ఒక మైనింగ్ కంపెనీకి వాడకం తగ్గించినందుకే 3 కోట్ల డాలర్లకు పైగా ముట్టాయి. మరి జనం నిద్ర కోసం ఎందుకు ఆపకూడదు?

కిటికీలకు డబుల్ గ్లాస్ అంటారా, అది మన ఖర్చుతో మనల్ని మనం మూసుకోవడం.

చట్టం చూసుకుంటుందిలే అని కూర్చోకండి. మన దేశంలో ఇళ్ళున్న చోట రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా హద్దు 45 డెసిబెల్స్. టెక్సాస్ శిక్షాస్మృతిలో మితిమీరిన చప్పుడని ముందుగానే ఎంచే హద్దు 85. అందుకని కంపెనీతో మాట్లాడేటప్పుడు గోడ ఎత్తు గురించి బేరమాడకుండా, రాత్రి రెండు గంటలకు పడకగది కిటికీ దగ్గర ఎంత రొద ఉండాలో అంకె వేసి కాగితం మీద రాయించుకోండి.