సోర్స్ కోడ్ కొనేవాళ్లు జాగ్రత్త: మీ కంప్యూటర్‌లో బిల్డ్ అయ్యాకే డబ్బులివ్వండి

కాంటా సాఫ్ట్‌వేర్‌ను సోర్స్ కోడ్‌తో (ప్రోగ్రామ్ రాసిన అసలు ఫైళ్లతో) సహా కొనాలనుకునే మిల్లువాళ్లు దయచేసి ఇది చదవండి. మిర్యాలగూడలో మా మేనమామ రైస్ మిల్లులో కంప్యూటర్ పని నేనే చూస్తాను. లారీ తూకం తీసే ప్రోగ్రామ్‌ను సోర్స్‌తో కలిపి 22,000 రూపాయలకు కొన్నాం. అమ్మినాయన రెడీగా ఉన్న ఈఎక్స్‌ఈ ఫైల్ నడిపి చూపించాడు. బాగానే నడిచింది, మొత్తం డబ్బు ఇచ్చేశాం.

సరిగ్గా వడ్లు వచ్చే రోజుల్లో బరువు చూపించే కాంటా ఇండికేటర్ పాడైంది. కొత్తదాని బాడ్ రేట్ (కంప్యూటర్‌కు డేటా పంపే వేగం) 9600, కోడ్‌లో ఉన్నది 2400. ఆ ఒక్క అంకె మార్చి బిల్డ్ చేస్తే, అంటే సోర్స్ నుంచి ఈఎక్స్‌ఈని మళ్లీ తయారు చేస్తే, చివర్లో ముక్కలన్నీ కలిపే లింకర్ దగ్గర 'అన్‌డిఫైన్డ్ రిఫరెన్స్' (వాడిన ఫంక్షన్ ఎక్కడా దొరకలేదు) అని ఆగిపోయింది. ఫోన్ చేస్తే "ప్రాబ్లం మీ సిస్టమ్‌లోనే ఉంది, వచ్చి చూడాలంటే 4,000 అవుతుంది" అన్నాడు. రెండు రోజులు లారీలను బయటి కాంటాకు పంపి, లారీకింత అని కట్టుకున్నాం. ఆ టెన్షన్ ఎవరికీ వద్దు.

రెండో రాత్రి అనుమానం వచ్చి, ఇండికేటర్ నుంచి బరువు వచ్చే సీరియల్ పోర్ట్‌ను చదివే డాట్ సీ ఫైల్‌లో (సీ భాషలో రాసింది) కావాలనే ఒక సెమికోలన్ తీసేశాను. కంపైలర్ ఆ తప్పును పట్టుకోనే లేదు. అంటే ఆ ఫైల్‌ను అసలు ముట్టుకోవడమే లేదు! బిల్డ్ ఎలా చేయాలో చెప్పే సీమేక్ ఫైల్ తెరిస్తే ప్రాజెక్ట్ లైన్‌లో లాంగ్వేజెస్ పక్కన సీఎక్స్‌ఎక్స్ ఒక్కటే ఉంది, అంటే సీ ప్లస్ ప్లస్ మాత్రమే. అక్కడ పేరు రాయని భాషలో ఉన్న ఫైల్‌ను సీమేక్ చడీచప్పుడు లేకుండా వదిలేస్తుంది. ఆ లైన్‌లో ఏ భాషా రాయకుండా ఉన్నా బాగుండేది, అప్పుడు సీ, సీ ప్లస్ ప్లస్ రెండూ వాటంతటవే వచ్చేవి. నేను సెమికోలన్ మళ్లీ పెట్టి, సీఎక్స్‌ఎక్స్ ముందు 'సీ' చేర్చి, ఖాళీ ఫోల్డర్‌లో బిల్డ్ చేశాను. తెల్లారేసరికి కాంటా నడిచింది. హెడర్ ఫైల్‌లో ఎక్స్‌టర్న్ సీ (సీ ఫంక్షన్ల పేర్లను సీ ప్లస్ ప్లస్ మార్చకుండా ఆపే మాట) ముందే ఉండబట్టి సరిపోయింది, లేకపోతే అదే ఎర్రర్ మళ్లీ వచ్చేది.

స్టాటిక్ లైబ్రరీగా (మన ప్రోగ్రామ్‌లో కలుపుకునే కోడ్ మూటగా) కొనేవాళ్లకు ఇంకా ప్రమాదం. అది తయారయ్యేటప్పుడు లింకింగ్ ఉండదు కాబట్టి ఆ సీ ఫైల్ అందులో చేరకపోయినా బిల్డ్ సక్సెస్ అనే వస్తుంది. మీ ప్రోగ్రామ్‌తో కలిపిన రోజే బయటపడుతుంది.

అందుకే సగం డబ్బు ఆపి, మీ కంప్యూటర్‌లోనే, కొత్త ఫోల్డర్‌లో, అమ్మినవాళ్ల చేతే బిల్డ్ చేయించండి. డాట్ సీ ఫైళ్లు ఉండి ప్రాజెక్ట్ లైన్‌లో సీ కనబడకపోతే అక్కడికక్కడే అడగండి. నల్లగొండ, సూర్యాపేట వైపు ఇంకో ఇద్దరు మిల్లువాళ్లకు ఇదే ప్రోగ్రామ్ ఇచ్చానని ఆయనే మాతో చెప్పాడు. మీ దగ్గరున్నది అదే అయితే సీజన్ మొదలుకాక ముందే ఒకసారి బిల్డ్ చేసి చూసుకోండి.