పరిశోధక విద్యార్థి గది ఎవరితో పంచుకోవాలి: ల్యాబ్ సహచరుడితోనా, బయటివారితోనా?

పీహెచ్‌డీ చాలామందికి 3 నుంచి 6 ఏళ్లు పడుతుంది. అన్నాళ్లూ ఇంటికి రాగానే ఎదురుపడే మనిషి ఎవరన్నది చిన్న విషయం కాదు.

ఖర్చు: అద్దె, కరెంటు బిల్లు ఎవరితోనైనా సగమే. తేడా లేదు.

శ్రమ: ల్యాబ్ సహచరుడికి ఏదీ వివరించనక్కర్లేదు. సమీక్షకులు పేపరు తిప్పి పంపిన రోజు ముఖం చూసే గ్రహిస్తాడు. బయటివారికి మొదటి నుంచీ చెప్పుకోవాలి. కానీ అలా చెప్పేటప్పుడే చిక్కుముడి ఎక్కడుందో మనకు తెలిసిన సందర్భాలూ ఉంటాయి.

రిస్క్: నిజంగా ఆలోచించాల్సింది ఇక్కడే. పరికరం వాడే వంతు గురించో, పేపరులో ఎవరి పేరు ముందుండాలన్న దాని గురించో పగలు మాటా మాటా పెరిగితే, రాత్రి అదే మనిషి వంటగదిలో ఎదురవుతాడు. కడగని గిన్నెల మీది కోపం మరునాడు ల్యాబ్ సమావేశానికీ వస్తుంది. గైడు ఒకరిని మెచ్చుకుంటే రెండోవారికి ఇల్లు కూడా ఇరుకవుతుంది. బయటివారితో గొడవైతే గది మారితే చాలు, చదువు జోలికి రాదు.

అలవాట్లు: అర్ధరాత్రి ప్రయోగాలు సహచరుడికి మామూలే. ఉదయాన్నే ఉద్యోగానికి వెళ్లేవారి నిద్ర చెడుతుంది. ఈ మాట ముందే మాట్లాడుకోవాలి.

ఎవరూ తెలియని మొదటి ఏడాదిలో సహచరుడి తోడు కొండంత ధైర్యం. థీసిస్ రాసే దశలో, ల్యాబ్ మాట వినబడని ఇల్లు కావాలనిపిస్తే బయటివారే మేలు. ఇద్దరిదీ ఒకే ప్రాజెక్టు అయితే మాత్రం, ఎంత స్నేహమున్నా వేర్వేరు ఇళ్లలోనే ఉండండి.