సశేషాలు చూసీ చూసీ

'దేవర' అయిపోయి లైట్లు వేశాక కూడా మా తమ్ముడు సీట్లోంచి లేవలేదు. "అయిపోయిందా అన్నయ్యా?" అన్నాడు. అయిపోయిందిరా అన్నాను. "మరి వర వాళ్ల నాన్నని ఎందుకు పొడిచాడు?" అన్నాడు. అది రెండో భాగంలో చెప్తార్రా అన్నాను. ఆ సినిమా తీసింది నేనే అన్నట్టు నా వంక అదోలా చూశాడు.

2015 జూలైలో 'బాహుబలి' మొదటి భాగం చూసి నేనూ ఇలాగే సీటుకి అతుక్కుపోయాను. అప్పుడు కోపం రాలేదు. అప్పటినుంచి ఈ పదేళ్లలో రెండో భాగం, మూడో భాగం అంటూ ఏది వచ్చినా దాదాపు అన్నీ థియేటర్లోనే చూశాను. బాగున్నాయనే వెళ్లానని చెప్పను. మొదటిది చూశాం కదా, సగంలో వదలలేం. వారపత్రికలో సీరియల్ చదివినట్టు అలవాటైపోయింది. అలా చూసీ చూసీ నాకంటూ కొన్ని లెక్కలు ఏర్పడ్డాయి. అవే ఇక్కడ రాస్తున్నాను. కథల్లో గుట్లు బయటపడతాయి, ఇంకా చూడనివాళ్లు ఇక్కడే ఆగిపోండి.

ముందు 'బాహుబలి' సంగతి. కట్టప్ప ఎందుకు చంపాడన్న ప్రశ్నే అందరికీ గుర్తు. ఆ ప్రశ్న రాకముందు తెరమీద ఏం జరిగిందో మర్చిపోతాం. కొడుకు దేవసేనని విడిపించాడు. తండ్రి కథలో కాలకేయులతో యుద్ధం పూర్తయింది, రాజెవరో శివగామి చెప్పేసింది. రెండు కథలూ ఒక ఒడ్డుకు చేరాయి. మనం చూడ్డానికొచ్చిన సినిమా మనకు దక్కింది. ఆ తర్వాత కట్టప్ప ఒక్క మాట అనేసి వదిలేశాడు. అందుకే 2017 ఏప్రిల్ దాకా ఆ ప్రశ్నను సరదాగా మోశాం.

'దేవర'లో కూడా అలాంటి ఒడ్డు ఒకటి ఉంది. సముద్రం మీదికెళ్లేవాళ్లలో భయం చావకూడదని దేవర వేషంలో తిరుగుతున్నది వరే అని తెలిసే చోటు. పిరికివాడనుకున్న కొడుకు తండ్రి పేరు నిలబెడుతున్నాడు. సినిమా అక్కడ ఆగిపోయుంటే నేను లేచి చప్పట్లు కొట్టేవాణ్ని. ఆగలేదు. వర చేతికి కత్తిచ్చి తండ్రిని పొడిపించి, ఇక ఇళ్లకు వెళ్లండన్నారు. పది నిమిషాల ముందు పుట్టిన గౌరవాన్ని వాళ్లే కిందపడేసి, తీసుకోవడానికి మళ్లీ రమ్మన్నట్టుంది. 'సలార్' ఇంకో రకం. ప్రాణస్నేహితులు శత్రువులయ్యారన్న కథ చెప్తామన్నారు. దాదాపు మూడు గంటలు కూర్చుంటే స్నేహం వరకే వచ్చింది. కాటేరమ్మ ఫైట్ ఒక్కటీ ఎన్నిసార్లైనా చూస్తాను, అది వేరే విషయం.

'కల్కి 2898 ఏడీ'కి వచ్చేసరికి నా పరిస్థితి చిత్రంగా తయారైంది. ఫస్టాఫ్‌లో భైరవ అల్లరికి విసుగొచ్చింది. అశ్వత్థామగా అమితాబ్ బచ్చన్ లేచి నిలబడ్డాక ఆ విసుగంతా పోయింది. చివర్లో భైరవ ఎవరో తెలిసినప్పుడు హాలు హాలంతా అరిచింది, నేనూ అరిచాను. అయితే విలన్ యాస్కిన్‌గా కమల్ హాసన్ కనిపించింది కొన్ని నిమిషాలే. అసలు ఆటంతా తర్వాతి భాగానికి దాచుకున్నారు. దాచుకోవడంలో చిక్కేంటంటే, రేపు మన చేతిలో ఉండదు. మొదటి భాగమంతా సుమతి కడుపులో బిడ్డ చుట్టూ తిరిగింది. ఆ పాత్ర చేసిన దీపికా పదుకొణె రెండో భాగంలో ఉండరని నిర్మాణ సంస్థ 2025 సెప్టెంబర్‌లో ప్రకటించింది. కథని సగంలో ఆపి వెళ్తే, తిరిగొచ్చేసరికి అన్నీ పెట్టినచోటే ఉంటాయన్న నమ్మకం ఏముంది?

మొదటి భాగాల మీద సణుగుడు ఇక చాలు. రెండో భాగానికి అసలు కష్టం వేరే ఉంది. హీరో మొదటిదాంట్లో అనుకున్నవన్నీ సాధించేసి ఉంటాడు. ఇప్పుడు వాడికి ఏం కావాలి? ఈ ప్రశ్నకు జవాబు దొరక్క చాలామంది విలన్‌ని పెద్దవాణ్ని చేస్తారు, తుపాకీల సైజు పెంచుతారు, హీరోని విమానం ఎక్కించి విదేశాలకు పంపుతారు. 'పుష్ప 2'లో సుకుమార్ చేసిన పని చూడండి. పుష్పరాజ్ దగ్గర డబ్బుంది, మనుషులున్నారు, అందరికీ వాడంటే భయముంది. అలాంటివాడికి పెళ్లాం ఒక చిన్న కోరిక చెప్తుంది: సీఎంతో ఫొటో దిగిరా. దిగడానికి వెళ్తే, స్మగ్లర్‌తో ఫొటో ఏంటని ఆయన కాదంటాడు. సరే, అయితే సీఎంనే మారుద్దాం అంటాడు పుష్ప. అంతే, 200 నిమిషాల సినిమా ఆ ఫొటో మీద నిలబడింది. ఎంత చిన్న కోరిక! ఎంత పెద్ద మొండితనం! మొదటి భాగంలో కూలీగా కాలు మీద కాలేసుకుని కూర్చున్నవాడు ఇంతకంటే ఇంకేం చేస్తాడు అనిపించింది.

జాతర గురించి అందరూ రాసేశారు, నేను ఒక్కటే చెప్తాను. చీర కట్టి, నీలం రంగు పూసుకుని ఆడుతున్న అల్లు అర్జున్‌ని నా పక్క సీట్లో పెద్దాయన చేతులు జోడించి చూశారు. హీరో ఎంట్రీకి ఈలలు వేసినవాళ్లు కూడా అక్కడ కాసేపు నోరు మూశారు. ఆ తర్వాత వచ్చే కథ నాకు అంతగా ఎక్కలేదు. పుష్ప సారీ చెప్పి వెళ్లి మళ్లీ తిరిగొచ్చి చేసే గొడవ వరకు పోలీసు ఆఫీసర్ షెకావత్ మంచి జోరు మీదున్నాడు. చివరికి వచ్చేసరికి ఆయన్ని అర్ధాంతరంగా సాగనంపేశారు. మొదట్లో వచ్చే జపాన్ ఫైట్ దేనికో ఇప్పటికీ నాకు తెలీదు. అయినా పుష్ప మొదటి భాగం నుంచి మోస్తున్న, తండ్రి ఇంటి పేరు తనకు దక్కలేదన్న బాధ తీరిన సీన్లో గొంతు పట్టేసింది. అది అసలైన పాత బాకీ, దాన్ని వడ్డీతో సహా తీర్చారు. 2025 జనవరిలో ఇంకో 20 నిమిషాలు కలిపి మళ్లీ వదిలితే, నిడివి ఎక్కువైందని అందరికీ చెప్పుకు తిరిగిన నేనే సిగ్గు లేకుండా మళ్లీ వెళ్లాను.

'టిల్లు స్క్వేర్' ఇంకా తెలివైనది. అదే అబ్బాయి, అలాంటి అమ్మాయే, అలాంటి చిక్కే. మామూలుగా అయితే తిట్టాలి. కానీ మనం తిట్టేలోపే టిల్లు తనే తిట్టుకుంటాడు, మళ్లీ నాకే ఇలా ఎందుకు జరుగుతోందని. మొదటి భాగంలో ముంచిన రాధిక పేరెత్తితే చాలు, వాడి ముఖం మాడిపోతుంది. మనం మొదటి భాగం చూశామన్న సంగతి సినిమాకి కూడా తెలుసు. రెండు గంటల్లో ముగించి పంపించారు. 'మత్తు వదలరా 2'లో కథ మొదటిదాని కంటే పలచన. సత్య ఉన్నంతసేపు అది గుర్తుకు రాలేదు. 'హిట్' వరస నాకు నచ్చడానికి కారణం వేరు: ప్రతిసారీ కొత్త కేసు, కొత్త ఆఫీసర్. ఇదివరకటివి చూడకపోయినా నష్టం లేదు. మూడోదాంట్లో రక్తం మరీ ఎక్కువైంది, నాని ఉన్నాడు కదా అని పిల్లల్ని వెంటపెట్టుకు వెళ్లాలనుకునేవాళ్లకు ముందే చెప్తున్నా, దానికిచ్చింది 'ఎ' సర్టిఫికెట్.

ఇక ముసలి సీక్వెల్స్. 'భారతీయుడు' వచ్చింది 1996లో, రెండో భాగం 2024లో. 28 ఏళ్లు. మొదటిదాంట్లో నన్ను పట్టుకున్నది కమల్ మేకప్ కాదు. లంచం తీసుకుని బ్రేకుల్లేని బస్సుకి సర్టిఫికెట్ ఇచ్చిన కొడుకుని తండ్రే చంపే ఘట్టం అది. ఆ తండ్రి సేనాపతి 28 ఏళ్లు ఆ చావుని మోస్తూ ఎలా బతికి ఉంటాడు? రెండో భాగంలో నేను వెతికింది ఆ మనిషినే. దొరకలేదు. మీ ఇంట్లో అవినీతిపరుణ్ని మీరే పట్టివ్వండని ఊళ్లో పిల్లలకు చెప్తాడు. ఒక కుర్రాడు నిజంగానే కన్నతండ్రిని పట్టిస్తాడు, దానివల్ల ఇల్లు కూలిపోతుంది. సేనాపతి వచ్చి ఆ కుర్రాడి పక్కన కూర్చుని, నేనూ నా కొడుకుని చంపుకున్నాను రా అంటే చాలు, సినిమా లేచి నిలబడేది. కథ తలుపు దాకా వచ్చి తట్టకుండా వెళ్లిపోయింది. పైగా సినిమా అవగానే మూడో భాగం ముక్కలు చూపించారు. అవే దీనికంటే బాగున్నాయి!

అదే 'టాప్ గన్: మావెరిక్' చూడండి. 1986 సినిమాకి 2022లో సీక్వెల్. నాకు మొదటిది అంతగా నచ్చదు కూడా. అయినా హీరో పాత పోటీదారు ఐస్‌మ్యాన్ సీన్ నన్ను వదల్లేదు. ఆ పాత్ర చేసిన వాల్ కిల్మర్‌కి నిజంగానే గొంతు క్యాన్సర్ వచ్చి మాట పోయింది. ఆ సంగతి దాచలేదు. ఐస్‌మ్యాన్ కంప్యూటర్ మీద టైపు చేస్తుంటే టామ్ క్రూజ్ చదువుకుంటూ జవాబిస్తాడు, చివర్లో ఐస్‌మ్యాన్ లేచి రెండు ముక్కలు గొంతుతోనే అంటాడు. గడిచిన 36 ఏళ్లూ ఆ గదిలో కనిపించాయి. మేకప్ వేసి వయసు దాచడం, పెంచడం అందరికీ వచ్చు. వయసునే సీనుగా రాయడం వీళ్లకు వచ్చింది.

'కాంతార చాప్టర్ 1' వెనక్కి వెళ్లి కదంబుల కాలం కథ చెప్పింది. యుద్ధాలు బాగున్నాయి. మొదటిదాంట్లో చివరి 20 నిమిషాలు చూసి ఇంటికొచ్చాక రాత్రి నిద్ర పట్టలేదు, దీనికి హాయిగా పడుకున్నాను. 'అవతార్' మూడోదానికి ఇంకా హాయిగా. బూడిద తెగ నాయకురాలు వరాంగ్ ఉన్న సీన్లు వదిలేస్తే, రెండోదే మళ్లీ చూసినట్టుంది.

వాడకంలో తెలిసిన చిన్న విషయాలు రెండు. రెండో భాగానికి వెళ్లేముందు రోజు రాత్రి మొదటిది మళ్లీ చూసే అలవాటు ఉండేది, మానేశాను. బాగున్నవాటికి ఆ అవసరమే రాలేదు. రెండోది, పేర్లు పడుతున్నప్పుడు లేవకండి. ఒకసారి ఒక హాల్లో పేర్లు మొదలవగానే లైట్లు వేసి, గేట్లు తీసి, బొమ్మ కట్ చేసేశారు. తర్వాతి భాగం గురించి ఉన్న ముక్క నేను ఇంటికొచ్చి ఫోన్లో చూసుకోవాల్సి వచ్చింది. హాలువాణ్ని అడిగితే, "అందరూ వెళ్లిపోతున్నారు కదా సార్" అన్నాడు.

2025 అక్టోబర్ 31న 'బాహుబలి' రెండు భాగాలనూ కలిపి 'ది ఎపిక్' అని ఒకే సినిమాగా వదిలారు, మూడుంముప్పావు గంట. అవంతిక ప్రేమకథ చాలావరకు తీసేశారు, దానివల్ల నాకు లోటేమీ అనిపించలేదు. రెండేళ్లు మోసిన ప్రశ్నకు అదే పూట జవాబు వచ్చేస్తుంటే మాత్రం కాస్త వెలితిగా ఉంది. మా తమ్ముడికి అలాంటి వెలితి ఏమీ లేదు. వాడికి అది తెగ నచ్చింది. 'పార్ట్ 1' అని రాసున్నవేవీ ఇక చూడనని, రెండోది వచ్చాక రెండూ కలిపి చూస్తానని అప్పుడే తేల్చేశాడు.

"అందరూ నీలాగే అనుకుంటే రెండోది రానే రాదురా" అన్నాను.

"రాకపోతే మంచిదేగా అన్నయ్యా, ఆరు గంటలు మిగుల్తాయి."