వడ్ల మీద జారాక తెలిసింది: మూడేళ్లు వాడిన హెల్మెట్, జాకెట్, గ్లవ్స్

నేను వ్యవసాయ విస్తరణాధికారిని. మిర్యాలగూడ వైపు, సాగర్ ఎడమ కాలువ కింది ఊళ్లలో నా పని. 2022 జూన్‌లో, ముప్పై మూడేళ్ల వయసులో స్కూటీ అమ్మేసి 150 సీసీ బైకు కొన్నాను. కాలువ కట్టల మీద ఆ చిన్న చక్రాలతో పడ్డ పాట్లు చాలనిపించింది. అప్పటి నుంచి పనిరోజుల్లో దాదాపు 60 కిలోమీటర్లు తిరుగుతున్నాను, మీటరు ఇప్పుడు 42,000 దాటింది. లడఖ్ పోలేదు, పోయే ఆలోచనా లేదు. ఉద్యోగం కోసం ఊళ్లు తిరిగేవాళ్లకు, ముఖ్యంగా ఆడవాళ్లకు ఇది పనికొస్తుందేమోనని రాస్తున్నాను.

బండితో పాటు షోరూమ్‌లో ఒక హెల్మెట్ ఇచ్చారు. నెత్తి మీద గిన్నె బోర్లించినట్టుంది, గడ్డం దగ్గర ఏమీ లేదు. దాన్ని వెనక కూర్చునే వాళ్లకని పక్కన పెట్టి, ముఖమంతా కప్పేది విడిగా కొనడానికి పోయాను.

కొనే ముందు కుట్టుపని టేపుతో తల కొలుచుకున్నాను. కనుబొమ్మలకు ఒక వేలు పైన, వెనక తల ఉబ్బెత్తుగా ఉండే చోటు మీదుగా చుడితే 56 సెంటీమీటర్లు వచ్చింది. చాలా కంపెనీల పట్టికలో అది ఎస్ సైజు. షాపతను మాత్రం "ఎమ్ తీసుకోండి మేడం, ఎస్ టైటుగ ఉంటది" అన్నాడు. టైటుగానే ఉండాలి మరి. కొత్త హెల్మెట్ బుగ్గల్ని ఎంత నొక్కాలంటే, నమిలినట్టు దవడ ఆడిస్తే లోపలి బుగ్గ పళ్ల కింద పడాలి. పట్టీ బిగించి, గడ్డం దగ్గర పట్టుకుని పక్కకు తిప్పితే ముఖం మీది చర్మం కూడా దాంతో పాటు కదలాలి. హెల్మెట్ ఒక్కటే తిరిగిందంటే పెద్దదైనట్టే. వెనక అంచు పట్టుకుని ముందుకు ఎత్తినా ఊడిరాకూడదు. పెట్టుకుని షాపులోనే పావుగంట కూర్చున్నాను. తీశాక నుదుటి మధ్య ఎర్రటి మచ్చ పడితే, సైజు సరిపోయినా ఆ ఆకారం మన తలకు సరిపోదని అర్థం. అలా రెండు పక్కన పెట్టాక మూడోది కుదిరింది, 4,200 రూపాయలు. నాలుగు నెలలకు బుగ్గ మెత్తలు అణిగి సుఖంగా కూర్చుంది. ఎమ్ తీసుకుని ఉంటే ఆ నాలుగు నెలలకు అది బుర్ర మీద గంటలా ఊగేది.

వెనక భాగంలో ఐఎస్ఐ గుర్తు, దాని మీద హెల్మెట్ల ప్రమాణం నంబరు ఐఎస్ 4151 అని, దగ్గరలో సీఎం/ఎల్‌తో మొదలయ్యే లైసెన్సు నంబరు ఉంటాయి. ఆ నంబరును బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే లైసెన్సు ఏ కంపెనీదో చూపిస్తుంది, షాపులో నిలబడే చూసుకోవచ్చు. ఐఎస్ఐ లేని హెల్మెట్ల అమ్మకాన్ని 2021 జూన్ 1 నుంచే నిషేధించారు. అయినా హైవే పక్కన తాళ్లకు గుత్తులు గుత్తులుగా వేలాడుతూనే ఉన్నాయి. యూరప్‌లో వాడే హెల్మెట్ ప్రమాణం ఈసీఈ 22.06 గుర్తు కూడా ఉన్నది దొరికితే ఇంకా మంచిది, అందులో తలను మెలితిప్పే దెబ్బను కూడా పరీక్షిస్తారు. అప్పట్లో నా దగ్గర అంత డబ్బు లేదు.

షాపుల్లో మగవాళ్లు చెప్పని సంగతులు కొన్ని ఉన్నాయి. కొప్పు పెట్టుకున్నా, క్లచ్చర్ పెట్టుకున్నా హెల్మెట్ సరిగ్గా దిగదు. మెడ దగ్గర కిందికి వదులుగా జడ వేసుకుని, దాన్ని జాకెట్ లోపలికి దోపాలి. జుంకాలు పనికిరావు, చిన్న దుద్దులైతే సరే. కళ్లజోడు ఉన్నవాళ్లు షాపుకు కళ్లజోడుతోనే పోవాలి. షాపులో నేను పక్కన పెట్టిన రెండింటిలో ఒకదాంట్లో జోడు కాళ్లు చెవుల పైన నొక్కి పది నిమిషాలకే తలనొప్పి తెప్పించాయి. ఇక పుస్తెలతాడు. జాకెట్ జిప్పు పైకి లాగేటప్పుడు అందులో ఇరుక్కుంటుంది, ఒకసారి జిప్పూ తాడూ రెండూ రిపేరుకు పోయాయి. ఇప్పుడు తాడును చొక్కా లోపలికి వేసుకున్నాకే జాకెట్ తొడుక్కుంటాను.

గ్లవ్స్ 2,200 పెట్టి కొన్నాను. మణికట్టు దాకా వచ్చే జాలీ రకం, అరచేతి మడమ దగ్గర గట్టి ప్లాస్టిక్ బిళ్ల ఉంటుంది. లోపల పట్టీ మీద యూరప్ గ్లవ్స్ ప్రమాణం ఈఎన్ 13594 అని, పక్కన 1 కేపీ అని ఉంది. కేపీ ఉందంటే పిడికిలి కణుపుల రక్షణను కూడా పరీక్షించారన్నమాట. నా అరచేతి చుట్టుకొలత 18 సెంటీమీటర్లు, షాపులో ఉన్న అన్నిటికంటే చిన్న సైజు కూడా వేళ్ల చివర అరంగుళం ఖాళీగా మిగిలింది. ఆడవాళ్ల సైజులు తెప్పించమంటే "ఎవరూ అడగరు మేడం" అన్నాడు. ఇంకో ఊళ్లో వెతికి కొనుక్కున్నాను. గ్లవ్ వేళ్లు పొడవైతే క్లచ్ లీవరు దగ్గర బట్ట ముడతపడి పట్టు జారుతుంది. చూపుడువేలికి ఫోను తెర పనిచేస్తుందని రాసి ఉంటుంది కానీ, పంట నమోదుకు ఫొటో తీయాలంటే ప్రతిసారీ విప్పాల్సిందే.

జాకెట్ 7,500. ఇక్కడే తప్పు చేశాను. ఆడవాళ్ల కొలతలది దొరకలేదని మగవాళ్లది ఎస్ సైజు తీసుకున్నాను. భుజాలు సరిపోయాయి, చేతులు కాస్త పొడవనిపించాయి. అద్దం ముందు నిలబడి చూసుకుంటే బాగానే ఉంది. భుజాల్లో, మోచేతుల్లో లెవెల్ 2 మెత్తలు ఉన్నాయి. ఈఎన్ 1621-1 ప్రకారం దెబ్బ తగిలినప్పుడు మెత్త దాటి లోపలికి చేరే బలం సగటున లెవెల్ 1కి 35, లెవెల్ 2కి 20 కిలోన్యూటన్లు మించకూడదు. ఆ అంకె చూసి ధైర్యం తెచ్చుకున్నాను. వీపు దగ్గరున్నది మాత్రం ఉత్త స్పాంజి ముక్క. చాలా జాకెట్లలో ఇంతే, ఆ జేబు తెరిచి చూస్తే గానీ తెలియదు. ఈఎన్ 1621-2 అని రాసి ఉన్న వీపు మెత్త విడిగా కొని పెట్టుకోవాలి. నేను ఆర్నెల్ల తర్వాత పెట్టుకున్నాను.

మోకాళ్లకు ప్యాంటు మీద నుంచి పట్టీలతో కట్టుకునే గార్డులు, 1,900. బూట్లు 3,500. అన్నీ కలిపి 19,300 అయ్యింది, బండి ధరలో సుమారు ఆరో వంతు. ఇంట్లో ఇది చాలా కాలం చర్చకు వచ్చింది.

మొదటి రోజు ఆ వేషంలో రైతు వేదిక ముందు దిగితే ఒక పెద్దాయన "ఏం మేడం, యుద్ధానికి పోతున్నరా?" అన్నాడు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. వారం రోజులకు వాళ్లకూ అలవాటైపోయింది.

2023 ఏప్రిల్, యాసంగి కోతలు. సాయంత్రం ఆరున్నర దాటింది. కొనుగోలు కేంద్రం నుంచి వస్తున్నాను. ఆ సీజనులో సగం రోడ్డు కళ్లమే, ఒక వైపంతా వడ్లు పోసి, అంచున రాళ్లు పేర్చి ఉంటాయి. తేమ 17 శాతానికి దిగితే గానీ కాంటా పెట్టరు, ఆరబెట్టుకుని తెమ్మని ఊరూరా చెప్పింది నేనే. ఎదురుగా ట్రాక్టరు వచ్చింది, ఎడమకు జరిగాను, ముందు చక్రం వడ్ల మీదికి ఎక్కింది. స్పీడు ముప్పై ముప్పై ఐదుకు మించి లేదు. అలవాటు కొద్దీ ముందు బ్రేకు నొక్కాను. గోళీల మీద కాలు వేసినట్టు బండి ఎడమకు పడిపోయింది.

రోడ్డు పక్కనున్న ఇంటి అవ్వ పరుగెత్తుకొచ్చి "బిడ్డా, తాకిందా?" అని చెంబుతో నీళ్లు పోసింది. లేచి నిలబడ్డానని తేలాక చీపురు తెచ్చి, చెదిరిన గింజల్ని మళ్లీ కుప్పలోకి ఊడ్చుకుంది. ఆమెనేం అంటాం?

ఇంటికొచ్చి మంచం మీద అన్నీ పరిచి చూసుకున్నాను. ఎడమ గ్లవ్ ప్లాస్టిక్ బిళ్ల మీద బియ్యం గింజంత లోతు గాట్లు వరసగా పడి ఉన్నాయి, అరచేతికి గీత కూడా లేదు. పడేటప్పుడు ఎవరైనా ముందు చెయ్యే చాపుతారు. డబ్బు తక్కువైతే హెల్మెట్ తర్వాత గ్లవ్సే కొనమని నేను చెప్పడానికి కారణం ఇది. హెల్మెట్ గడ్డం భాగం మీద నాలుగు వేళ్ల పొడవున గీత. షోరూమ్ గిన్నె పెట్టుకుని ఉంటే ఆ గీత ఎక్కడ పడేదో చెప్పక్కర్లేదు.

జాకెట్ బట్ట చిరగలేదు. కానీ మోచెయ్యి చెక్కుకుపోయి నెత్తురు వచ్చింది. పొడవైన చేతి వల్ల మెత్త మోచేతి మీద కాక రెండు వేళ్లు కిందికి, ముంజేతి మీద ఉంది. లెవెల్ 2 మెత్త తగలాల్సిన చోట లేకుండా పక్కన పడుకుంది. మోకాలి గార్డు కూడా అంతే, పడగానే పట్టీలతో సహా పక్కకు తిరిగిపోయింది. మోకాలు వారం రోజులు మడత పడలేదు. నాట్లు చూడటానికి మడిలోకి దిగాల్సిన ఉద్యోగం నాది.

అద్దం ముందు చూసుకోవడం వల్ల లాభం లేదని అప్పుడు అర్థమైంది. తొడుక్కుని బండి మీద కూర్చుని, హ్యాండిల్ పట్టుకుని, మోచేతులు వంచి చూడాలి. మెత్త సరిగ్గా ఎముక మీద ఉండాలి, ఇంకొకరి చేత చేత్తో లాగించి తిప్పించినా కదలకూడదు. చెయ్యి మీది బిగింపు పట్టీలు ఉన్నదే అందుకు, నేను వాటిని అలంకారం అనుకున్నాను. ఆ జాకెట్‌నే టైలరుకు ఇచ్చి చేతులు ఒకటిన్నర అంగుళం పైకి కుట్టించాను, మెత్త ఉన్న జేబు కూడా జరిపించాను. మళ్లీ పడలేదు కాబట్టి దాని సంగతి చెప్పలేను, కానీ ఇప్పుడు మెత్త ఉండాల్సిన చోటే ఉంది. మోకాలి గార్డుల బదులు ప్యాంటు లోపల మేజోడులా ఎక్కించుకునే రకానికి మారాను. మోకాలి వెనక పట్టీలు కోసుకుపోవు, ఊళ్లో దిగి నడిస్తే ఎవరికీ కనబడవు, మడిలోకి దిగేటప్పుడు చీలమండ దాకా జార్చేస్తాను.

ఎండ గురించి అందరూ అడుగుతారు. మేలో మాకు 44 డిగ్రీలు మామూలు. జాలీ జాకెట్ కాబట్టి గాలి ఆడుతుంది కానీ, ఆ గాలి కొలిమి ముందు నిలబడ్డట్టే ఉంటుంది. లోపలి కాటన్ టీషర్టును బావి దగ్గరో బోరు దగ్గరో తడిపి, పిండి వేసుకుంటాను. కదులుతున్నంత సేపూ చల్లగా ఉంటుంది, ఇరవై నిమిషాల్లో ఆరిపోతుంది. మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు వరకు తిరగడం మానుకున్నాను. అయినా సరే, అబద్ధం ఎందుకు, ఆ ఎండల్లో పక్క ఊరికి పోయి రావడానికి జాకెట్ లేకుండా వెళ్లిన రోజులున్నాయి. హెల్మెట్, గ్లవ్స్ లేకుండా మాత్రం ఒక్కరోజూ లేదు. నల్ల జాకెట్ కొనకండి. దుమ్ము కనబడదంటారు కానీ ఎండలో ఆపి ఉంచి మళ్లీ తొడుక్కుంటే పెనం మీద చెయ్యి పెట్టినట్టుంటుంది.

వానకు జాకెట్‌తో వచ్చిన లోపలి పొర దండగ. పై బట్టంతా తడిసి బరువెక్కుతుంది, లోపల మనం పొడిగా ఉన్నా చలికి వణుకుతాం. అన్నిటి మీద వేసుకునే రెయిన్‌కోటే నయం. వానలో అసలు కష్టం హెల్మెట్ అద్దానికి ఆవిరి పట్టడం, దానికి తోడు కళ్లజోడుకూ పడుతుంది. ఆవిరి పట్టకుండా అద్దం లోపల బిగించే పిన్‌లాక్ పొరకు వీలున్న అద్దం అయితే చాలా తేడా ఉంటుంది. నల్లద్దం జోలికి పోవద్దు, సాయంత్రం ఆరు దాటితే రోడ్డు మీద గేదె కూడా కనబడదు.

బూట్ల విషయంలో రాజీ పడ్డాను. చీలమండ కప్పే ట్రెక్కింగ్ బూట్లే నావి, అసలైన రైడింగ్ బూట్లు కావు. రోజుకు ఆరుసార్లు విప్పి మడిలోకి దిగేదానికి అవి కుదరవు. లేసులు లోపలికి దోపుకోవాలి, ఒకసారి గేరు లీవరుకు చుట్టుకుంటే బండి ఆపి కాలు దించలేక కాలువ గట్టు మీద ఒరిగిపోయాను. ఎడమ బూటు పైభాగం గేరు మార్చి మార్చి ఏడాదికే అరిగింది, చెప్పులు కుట్టే ఆయన సైకిలు ట్యూబు ముక్క అతికిస్తే రెండేళ్లు వచ్చింది. యాభై రూపాయలు తీసుకున్నాడు.

గ్లవ్స్ ఇప్పుడు రెండో జత. హెల్మెట్ కూడా మార్చాను, లోపలి థర్మోకోల్ ఒకసారి దెబ్బ తిని అణిగితే బయటికి తెలియదు, రెండోసారికి పనిచేయదు. ఈసారి వేరే కంపెనీది కొంటే నాకు ఎమ్ సైజు కుదిరింది. పాత పట్టిక నమ్ముకుని ఆన్‌లైన్‌లో కొనేసి ఉంటే తిప్పి పంపాల్సి వచ్చేది.

గీత పడ్డ పాత హెల్మెట్‌ను మా ఆఫీసులో ఒకాయన అడిగాడు. పైకి చూస్తే కొత్తదే, కొడుకు కాలేజీకి పోతున్నాడు, పోలీసులు ఆపితే చూపించడానికి చాలు, చలానా తప్పుతుందన్నాడు. ఇస్తానని చెప్పి ఇంటికొచ్చి, కొడవలితో రెండు వైపులా పట్టీ కోసేశాను. మర్నాడు సంగతి చెబితే ఆయన రెండు రోజులు నాతో మాట్లాడలేదు.